ఇంకో అర సెకను ఆగితే – మెదడు రక్తప్రవాహ పరీక్షలో సమయం విలువ



కొంతకాలం క్రితం ఒక సోమవారం మా ఓ.పి.కి ఒక రిటైర్డు లెక్కల మాస్టారిని ఆయన కుమార్తె చెయ్యి పట్టుకుని తీసుకువచ్చారు. ఆయన వయస్సు 76 సంవత్సరాలు. అప్పుడప్పుడు తల తిరుగుతున్నదనీ, పేర్లు మరచిపోతున్నారనీ పట్నంలో ఎం.ఆర్.ఐ. తీయించారు. రిపోర్టులో మెదడు వెనుక భాగాలలో రెండు వైపులా రక్తప్రవాహం తగ్గి ఉన్నదని వ్రాశారు. ఆ ఒక్క వాక్యంతో ఆ ఇంట్లో పరిస్థితి మారిపోయింది. మాస్టారిని ఒంటరిగా వీధిలోకి పంపడం మానేశారు. సాయంత్రాలు అరుగు మీద పిల్లలకు లెక్కలు చెప్పడం మాన్పించారు. ఆదివారం ఆరాధనకు కూడా తీసుకువెళ్లడం లేదు. రెండు నెలలుగా ఆయన మంచం, కుర్చీ తప్ప ఎరుగరు. "డాక్టరమ్మగారూ, మా నాన్నగారికి పక్షవాతం వచ్చేస్తుందా?" అని ఆ కుమార్తె అడిగారు.

మేము ఫిల్ములను లైటు బల్ల మీద పెట్టి చూశాము. బొమ్మల కంటె ముందు మా కళ్లు ఆ ఫిల్ము అంచున ఉన్న చిన్న అంకెల మీద పడ్డాయి. అక్కడ 1500 అని ఉన్నది. ఆ అంకె 2000 అయి ఉండవలసినది. తేడా అర సెకను మాత్రమే. ఆ అర సెకను గురించి ఈ సంచికలో మీతో మాట్లాడదలచాము. ఇది యంత్రాలకు, టెక్నీషియన్లకు సంబంధించిన విషయం, మనకెందుకు అని పక్కన పెట్టవద్దని మా మనవి. ఎందుకంటే ఆ అంకె తప్పితే బాధపడేది యంత్రం కాదు, ఇంట్లోని పెద్దవారు.

మెదడుకు రక్తం ఎంత కావాలి?

మన శరీరపు బరువులో మెదడు సుమారు 2 శాతం. కాని గుండె పంపే రక్తంలో దాదాపు ఏడో వంతు దానికే పోతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిలో ప్రతి 100 గ్రాముల మెదడుకు నిమిషానికి సగటున 50 మిల్లీలీటర్ల రక్తం అందుతుంది. మెదడు పైపొరలో ఉండే బూడిదరంగు పదార్థానికి ఇంకా ఎక్కువ, లోపలి తెల్లని పదార్థానికి తక్కువ. ఇది 20కి దిగువకు పడిపోతే ఆ భాగం పనిచేయడం ఆపివేస్తుంది. 10 దగ్గరకు పడిపోయి అలాగే ఉంటే కణాలు చనిపోవడం మొదలవుతుంది. అందుకే ఈ అంకె వైద్యునికి ముఖ్యం.

దీనిని బ్రతికి ఉన్న మనిషిలో కొలవడం మొదట చాలా కష్టమైన పని. 1945లో అమెరికాలో సేమూర్ కెటీ, కార్ల్ ష్మిట్ అనే శాస్త్రజ్ఞులు ఒక పద్ధతి కనుగొన్నారు. మనిషి చేత పది నిమిషాలపాటు కొద్దిగా నైట్రస్ ఆక్సైడ్ వాయువు పీల్పించి, ధమని నుండి, మెడ సిర నుండి రక్తం తీసి లెక్క వేసేవారు. అంత చేసినా మెదడు మొత్తానికి ఒకే అంకె వచ్చేది. ఏ మూల బాగున్నదో, ఏ మూల ఎండిపోతున్నదో తెలిసేది కాదు.

సూది లేని పరీక్ష

1992లో జాన్ డెట్రే, డోనాల్డ్ విలియమ్స్, జాన్ లీ, అలన్ కొరెట్‌స్కీ అనే శాస్త్రజ్ఞులు ఎం.ఆర్.ఐ. యంత్రంతోనే, ఏ మందూ ఎక్కించకుండా, ఎలుకల మెదడులో రక్తప్రవాహాన్ని కొలిచి చూపించారు. తరువాతి సంవత్సరాలలో అది మనుషులకు వచ్చింది. దీనిని ఆర్టీరియల్ స్పిన్ లేబులింగ్ అంటారు. రిపోర్టులలో ఏ.ఎస్.ఎల్. అని ఉంటుంది.

దీని సంగతి గోదావరి కాలువల క్రింద వ్యవసాయం చేసేవారికి తేలికగా అర్థమవుతుంది. ధవళేశ్వరం దగ్గర కాలువలోకి నీరు వదిలేటప్పుడు ఆ నీటిలో కాస్త రంగు కలిపారనుకోండి. కొంతసేపు ఆగి, ఏ పొలంలోకి ఎంత రంగు నీరు వచ్చిందో చూస్తే ఏ పొలానికి ఎంత నీరు అందుతున్నదో తెలుస్తుంది. ఏ.ఎస్.ఎల్. పరీక్ష కూడా అంతే. మెడ పైభాగంలో, మెదడుకు వెళ్లే ధమనుల దగ్గర, రేడియో తరంగాలతో రక్తంలోని నీటికే ఒక అయస్కాంతపు గుర్తు వేస్తారు. సుమారు 1.8 సెకన్లపాటు అలా గుర్తు వేస్తూ ఉంటారు. తరువాత కొంచెం ఆగి మెదడు బొమ్మ తీస్తారు. గుర్తు వేయకుండా ఇంకొక బొమ్మ తీస్తారు. ఒకదానిలో నుండి రెండవదానిని తీసివేస్తే మిగిలేది కొత్తగా వచ్చిన రక్తం మాత్రమే.

ఆ మిగిలేది చాలా తక్కువ, సుమారు ఒక శాతం. అందువలన అదే పనిని అనేకసార్లు చేసి సగటు తీస్తారు. రోగి నాలుగైదు నిమిషాలు కదలకుండా పడుకోవాలి. సూది లేదు, రేడియేషన్ లేదు, మందు లేదు. చిన్నపిల్లలకు, గర్భిణీలకు, మూత్రపిండాలు పాడైనవారికి ఇది ఎంతో మేలు. గాడోలీనియం అనే మందు ఎక్కించి చేసే పరీక్షలు వేరే ఉన్నాయి. ఆ మందులలో పాత రకాలకూ, మూత్రపిండాలు బాగా చెడినవారిలో చర్మము, అవయవములు గట్టిపడే ఒక తీవ్రమైన జబ్బుకూ సంబంధమున్నదని 2006లో బయటపడింది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో ఎందరు మూత్రపిండాల జబ్బుతో బాధపడుతున్నారో మీకు తెలుసు. అటువంటివారికి మందు అక్కరలేని పరీక్ష ఉండటం నిజంగా పెద్ద ఆదరణ.

ఎంతసేపు ఆగాలి?

ఇక అసలు విషయానికి వద్దాము. గుర్తు వేయడం ముగిసిన తరువాత, బొమ్మ తీయడానికి ముందు ఎంతసేపు ఆగాలి? దీనిని పోస్ట్ లేబులింగ్ డిలే అంటారు. మనం ఆగే సమయం అందాము. దీనిని నిర్ణయించేది మనుషులే. యంత్రం ముందు కూర్చున్నవారు ఒక అంకె ఎన్నుకుంటారు, లేదా యంత్రంలో ముందుగానే అమర్చి ఉన్న అంకెను అలాగే వదిలివేస్తారు.

తొందరపడితే ఏమవుతుంది? నీరు వదిలిన కొద్దిసేపటికే తనిఖీకి వచ్చిన అధికారి పై పొలాలన్నీ తడిసి ఉండటం, శివారు పొలాలు ఎండి ఉండటం చూసి, శివారుకు నీరు రావడం లేదని వ్రాసుకుని పోతాడు. నిజానికి నీరు వస్తూనే ఉన్నది, ఇంకా దారిలో ఉన్నది. మెదడులో శివారు భూములున్నాయి. ఒక ధమని ఆయకట్టు ముగిసి ఇంకొక ధమని ఆయకట్టు మొదలయ్యే సరిహద్దు ప్రాంతాలకు, మెదడు వెనుక భాగాలకు రక్తం చివరగా చేరుతుంది. తొందరపడి తీసిన బొమ్మలో ఆ చోట్లు నల్లగా కనిపిస్తాయి. ఇంకా దారిలోనే ఉన్న రక్తం ధమనులలో మెరుస్తూ తెల్లని చారలుగా కనబడుతుంది. అనుభవం లేనివారు దానిని ఎక్కువ ప్రవాహమని పొరబడవచ్చు. అంటే ఒకే బొమ్మలో ఒకచోట లేని కరువు, ఇంకొకచోట లేని వరద కనిపిస్తాయన్నమాట.

అట్లాగని చాలాసేపు ఆగితే సరిపోతుందా? సరిపోదు. రంగు ఎండకు వెలిసిపోయినట్లు రక్తం మీది గుర్తు కూడా క్షణక్షణానికి మాసిపోతుంది. 3 టెస్లా శక్తి గల యంత్రంలో ఒకటిన్నర సెకన్లకు వేసిన గుర్తులో 40 శాతం మిగులుతుంది. 2 సెకన్లకు 30 శాతం, రెండున్నరకు 22 శాతం, 3 సెకన్లకు 16 శాతం మాత్రమే. మన జిల్లాలలో ఎక్కువగా కనిపించే 1.5 టెస్లా యంత్రాలలో గుర్తు ఇంకా త్వరగా మాసిపోతుంది. 2 సెకన్లకే 23 శాతానికి దిగుతుంది. అసలే ఒక శాతం ఉన్న తేడా ఇంకా తగ్గిపోతే బొమ్మంతా ఇసుక చల్లినట్లు ఉంటుంది. దానిని చదవలేము.

కాబట్టి తొందరా పనికిరాదు, ఆలస్యమూ పనికిరాదు. చివరగా గుర్తు వేసిన రక్తం కూడా మెదడుకు చేరాలి, చేరిన గుర్తు మాసిపోకముందే బొమ్మ తీయాలి.

మాస్టారి లెక్క

ఈ సంగతి మాస్టారికి వివరించినప్పుడు ఆయన ముఖంలో రెండు నెలలుగా లేని వెలుగు వచ్చిందని కుమార్తె చెప్పారు. "ఆ అంకెలు నాకు వ్రాసివ్వండమ్మా, నేనే వేసి చూస్తాను" అన్నారు ఆయన. తరువాతి వారం రూళ్ల కాగితం మీద లెక్క వేసి తీసుకువచ్చారు. మేము కూడా సరిచూశాము. అది ఇక్కడ ఇస్తున్నాము.

ఒకరి మెదడులో ఒక భాగానికి నిజంగా నిమిషానికి 50 మిల్లీలీటర్ల రక్తం అందుతున్నదనుకోండి. ప్రవాహంలో ఏ లోపమూ లేదు. కాని వయస్సు వలన మెడ నుండి అక్కడికి చేరడానికి 2.1 సెకన్లు పడుతున్నది. 3 టెస్లా యంత్రంలో 1.8 సెకన్లు గుర్తు వేసి, ఒకటిన్నర సెకన్లు మాత్రమే ఆగి బొమ్మ తీస్తే, సాధారణ సూత్రం ప్రకారం వచ్చే అంకె సుమారు 27. అదే మనిషికి, అదే రోజు, 2 సెకన్లు ఆగి తీస్తే సుమారు 45. రెండున్నర సెకన్లు ఆగితే పూర్తిగా 50. మనిషి మారలేదు, మెదడు మారలేదు, జబ్బు రాలేదు. మారినది ఆగిన సమయం ఒక్కటే. 27 అన్న అంకె చూసిన ఏ వైద్యుడైనా భయపడతాడు. 45 చూస్తే ఈ వయస్సుకు ఫరవాలేదంటాడు.

మాస్టారి విషయంలో తరువాత ఏమి జరిగినదో చెప్పాలి. ఆ స్కానింగ్ కేంద్రంలోని రేడియాలజిస్టు గారికి మేము ఫోను చేశాము. ఆయన చిన్నబుచ్చుకోలేదు. పాత బొమ్మలు తెరిచి చూసుకుని, ఆ రోజు యంత్రంలో ముందుగా ఉన్న అంకెతోనే తీశారని గ్రహించి, మళ్లీ తీద్దాము, డబ్బు అక్కరలేదు అన్నారు. ఈసారి 2 సెకన్లు ఆగి ఒకసారి, రెండున్నర ఆగి ఇంకొకసారి తీశారు. నల్లగా ఉన్న భాగాలు చాలావరకు నిండాయి. రక్తం ఆలస్యంగా చేరుతున్నదనీ, ప్రవాహం వయస్సుకు తగినట్లే ఉన్నదనీ రిపోర్టు వచ్చింది. మెడ ధమనులకు డాప్లర్ పరీక్ష చేయిస్తే కొద్దిగా కొవ్వు పేరుకున్నది కాని పెద్ద అడ్డు లేదు. తల తిరగడానికి కారణం, లేచి నిలబడినప్పుడు బి.పి. పడిపోవడం. మాత్రల మోతాదు సరిచేశాము. ఆయన మళ్లీ అరుగు మీద పిల్లలను కూర్చోబెట్టుకుంటున్నారు. అయితే రెండు నెలలు కుర్చీలో గడపడం వలన కాళ్లలో పోయిన బలం పూర్తిగా తిరిగి రాలేదు. ఇప్పుడు చేతికర్ర వాడుతున్నారు. అర సెకను ఖరీదు ఆ చేతికర్ర అని మేము అనుకుంటూ ఉంటాము.

నియమం లేకపోలేదు

ఇది ఎవరికీ తెలియని రహస్యం కాదు. 2015లో అంతర్జాతీయ ఎం.ఆర్. శాస్త్రజ్ఞుల బృందమొకటి, మతిమరుపు జబ్బుల మీద పనిచేసే యూరప్ బృందంతో కలిసి, మ్యాగ్నెటిక్ రెసొనెన్స్ ఇన్ మెడిసిన్ పత్రికలో స్పష్టమైన సూచనలు ప్రకటించింది. గుర్తు వేసే సమయం అందరికీ 1800 మిల్లీసెకన్లు. ఆగే సమయం మాత్రం మనిషిని బట్టి మారుతుంది. పిల్లలకు 1500. ఆరోగ్యంగా ఉన్న 70 ఏళ్ల లోపు పెద్దలకు 1800. 70 దాటినవారికి 2000. వ్యాధితో వచ్చిన పెద్దవారికి ఏ వయస్సులోనైనా 2000. అప్పుడే పుట్టిన శిశువులలో రక్తం నెమ్మదిగా నడుస్తుంది గనుక వారికి కూడా 2000.

గమనించండి. మాస్టారికి వాడిన అంకె చిన్నపిల్లలకు చెప్పినది.

ఆ తరువాత ఈ శాస్త్రం ఇంకా ముందుకు పోయింది. ఒకే సమయం దగ్గర ఆగకుండా, ఒకే పరీక్షలో వేర్వేరు సమయాల దగ్గర అనేక బొమ్మలు తీసే పద్ధతి ఉన్నది. అధికారి ఒక్కసారి కాక పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం వచ్చి చూసినట్లు. అప్పుడు ఎంత నీరు వచ్చిందన్నది మాత్రమే కాక, ఎప్పుడు వచ్చిందన్నది కూడా తెలుస్తుంది. 2024లో అదే పత్రికలో ఈ పద్ధతికి కూడా సూచనలు వచ్చాయి. మెడ ధమనులు సన్నబడినవారిలో, మోయమోయ జబ్బు ఉన్నవారిలో, రక్తం అడ్డదారుల గుండా ఆలస్యంగా చేరేవారిలో ఇది ఎంతో ఉపయోగం. వీరిలో 2 సెకన్లు కూడా చాలకపోవచ్చు. ఆలస్యమే వీరి జబ్బుకు ఆనవాలు. దానిని కొరత అని వ్రాస్తే ఒక తప్పు, గమనించకుండా వదిలివేస్తే ఇంకొక తప్పు.

రక్తహీనత ఉన్నవారి సంగతి దీనికి భిన్నం. మన స్త్రీలలో ఇది ఎంత ఎక్కువో మీకు తెలిసినదే. వీరిలో పలచబడిన రక్తం వేగంగా పరుగెత్తుతుంది, గుర్తు కూడా మామూలు కంటె కొంచెం ఎక్కువసేపు నిలుస్తుంది. అందరికీ వాడే అంకెలతోనే లెక్క వేస్తే వీరి ప్రవాహం ఉన్నదానికంటె ఎక్కువగా కనబడవచ్చు. అందుకే స్కానింగ్‌కు పంపేటప్పుడు హీమోగ్లోబిన్ ఎంత ఉన్నదో చీటీ మీద వ్రాయడం మా అలవాటుగా చేసుకున్నాము.

పరీక్షకు ముందు సమయం కూడా లెక్కలోనిదే

కాఫీ, టీలలోని కెఫీన్ మెదడు రక్తనాళాలను కుదిస్తుంది. సుమారు 250 మిల్లీగ్రాముల కెఫీన్, అంటే రెండు మూడు కప్పుల గట్టి కాఫీలో ఉండేంత, మెదడు రక్తప్రవాహాన్ని 20 నుండి 30 శాతం వరకు తగ్గించగలదు. ఆ ప్రభావం కొన్ని గంటలు ఉంటుంది. రోజూ త్రాగేవారు హఠాత్తుగా మానివేస్తే ప్రవాహం పెరుగుతుంది. కాబట్టి పట్నం బస్సు దిగి, స్టాండులో ఒక కాఫీ త్రాగి, నేరుగా స్కానింగ్‌కు వెళ్లినవారి అంకెను, ఏమీ త్రాగకుండా వెళ్లినప్పటి అంకెతో పోల్చి జబ్బు పెరిగిందనో తగ్గిందనో చెప్పడం న్యాయం కాదు. కొందరికి రక్తనాళాలు ఎంతవరకు వెడల్పు కాగలవో చూడటానికి అసిటజోలమైడ్ అనే మందు ఇచ్చి, 15 నుండి 20 నిమిషాల తరువాత మళ్లీ బొమ్మ తీస్తారు. అక్కడ కూడా ఆ నిమిషాలు పాటించకపోతే ఫలితానికి అర్థం ఉండదు.

మా అభిప్రాయం

స్కానింగ్ కేంద్రాల ఇబ్బందులు మాకు తెలియనివి కావు. 1500 నుండి 2000కు మారితే గుర్తులో దాదాపు నాలుగో వంతు పోతుంది. అదే స్పష్టత కావాలంటే పరీక్ష దాదాపు రెండింతలు సేపు చేయాలి. 2500కు వెళితే మూడింతలకు పైగా. బయట బెంచీల మీద ఇరవైమంది ఎదురుచూస్తున్నప్పుడు, లోపల ఉన్న ముసలాయన నొప్పులతో కదులుతున్నప్పుడు, టెక్నీషియన్ త్వరగా ముగిసే పద్ధతినే ఎన్నుకోవడంలో ఆశ్చర్యం లేదు. కదిలిన బొమ్మ కూడా పనికిరాదు కదా. పైగా కొన్ని పాత యంత్రాలలో ఈ అంకె మార్చడానికి ఎక్కువ అవకాశం ఉండదు. ఇవన్నీ నిజమే.

అయినా మా అభిప్రాయం మారదు. బొమ్మ అందంగా, నునుపుగా రావడం కంటె అది నిజం చెప్పడం ముఖ్యం. కొంచెం ఇసుక చల్లినట్లున్నా నిజమైన బొమ్మను, జాగ్రత్తగా చదవాలి అని వ్రాసి ఇవ్వవచ్చు. నునుపుగా ఉండి అబద్ధం చెప్పే బొమ్మను ఎవరూ అనుమానించరు. అదే ప్రమాదం.

రెండవది, ఆగిన సమయం ఎంతో రిపోర్టులో మాటలలో వ్రాయాలి. ఫిల్ము అంచున చీమతలకాయంత అంకె చాలదు. మందు చీటీలో మోతాదు వ్రాయకుండా మందు పేరు మాత్రమే వ్రాస్తే మనం ఒప్పుకుంటామా? ఇదీ అంతే. రక్తప్రవాహం తగ్గినది అన్న వాక్యం పక్కన, ఇన్ని సెకన్లు ఆగి చూసినప్పుడు అన్న మాట లేకపోతే ఆ వాక్యం సగమే.

మూడవది, ఒకే రోగికి రెండవసారి తీసేటప్పుడు మొదటిసారి వాడిన సమయంతోనే తీయాలి. సమయం మార్చవలసి వస్తే ఆ సంగతి చెప్పాలి. మొదటిసారి 2000తో, ఆరు నెలల తరువాత వేరే కేంద్రంలో 1500తో తీసి, జబ్బు ముదిరిందని కుటుంబాన్ని ఏడిపించడం మాకు తెలిసి జరిగింది.

నాలుగవది మాకు మేము చెప్పుకునేది. పంపిన వైద్యులుగా మేము చీటీ మీద మెదడు ఎం.ఆర్.ఐ. అని రెండు ముక్కలు వ్రాసి పంపితే తప్పు మాది కూడా. రోగి వయస్సు, బి.పి., గుండె బలహీనత, మెడ ధమనుల స్థితి, హీమోగ్లోబిన్, ఏ ప్రశ్నకు జవాబు కావాలో వ్రాయాలి. ఆ వివరాలు ఉంటేనే అవతలివారు సరైన సమయాన్ని ఎన్నుకోగలరు. మాస్టారిని మొదట స్కానింగ్‌కు పంపిన చీటీ మీద ఆయన వయస్సు కూడా లేదు.

మీరు చేయదగినవి

ఇటువంటి పరీక్షకు వెళ్లేటప్పుడు ఇంట్లోవారు కొన్ని సంగతులు గుర్తుంచుకుంటే మేలు.

1. పాత ఫిల్ములు, సి.డి.లు, రిపోర్టులు పారవేయవద్దు. ప్రతిసారీ వెంట తీసుకువెళ్లండి.

2. ఆ రోజు కాఫీ, టీ విషయంలో ఏమి చేయాలో ముందే అడగండి. త్రాగి ఉంటే దాచకుండా చెప్పండి. రోజూ వేసుకునే మందులను మాత్రం వైద్యుడు చెప్పకుండా మానవద్దు.

3. పెద్దవారికి నడుము నొప్పి, ఆయాసం, మూత్రం ఆపుకోలేకపోవడం ఉంటే ముందే చెప్పండి. సౌకర్యంగా పడుకుంటేనే కదలకుండా ఉండగలరు.

4. రిపోర్టులో రక్తప్రవాహం తగ్గినది అని ఉంటే, "ఎంతసేపు ఆగి తీశారండీ, ఈ వయస్సుకు ఆ సమయం సరిపోతుందా?" అని మర్యాదగా అడగండి. ఇది తప్పు పట్టడం కాదు. మంచి రేడియాలజిస్టు ఈ ప్రశ్నకు సంతోషిస్తాడు.

5. ఒక్క బొమ్మను చూసి పెద్దవారిని మంచానికి పరిమితం చేయవద్దు. వైద్యుని పరీక్ష, మెడ ధమనుల డాప్లర్, బి.పి., చక్కెర ఇవన్నీ కలిపి చూసిన తరువాతనే నిర్ణయాలు.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. పైన చెప్పిన ఓపిక అంతా నెమ్మదిగా చేసే పరీక్షలకు సంబంధించినది. మూతి వంకర పోవడం, ఒక చెయ్యి లేక కాలు పడిపోవడం, మాట తడబడటం హఠాత్తుగా వస్తే ఒక్క నిమిషం కూడా ఆగవద్దు. వెంటనే 108కి ఫోను చేయండి. గడ్డను కరిగించే మందు సాధారణంగా మొదటి నాలుగున్నర గంటలలోనే ఇవ్వాలి. 2018లో వెలువడిన రెండు పెద్ద పరిశోధనల తరువాత, బొమ్మలలో బ్రతికించదగిన మెదడు మిగిలి ఉన్నదని తేలిన కొందరికి 24 గంటల వరకు కూడా పెద్ద ధమనిలోని గడ్డను తీయవచ్చునని తెలిసింది. అయితే ఆ కొందరిలో మనవారు ఉంటారో లేదో ఇంటి దగ్గర కూర్చుని ఎవరూ చెప్పలేరు. లక్షణాలు ఎన్ని గంటలకు మొదలైనవో గడియారం చూసి వ్రాసుకుని రండి. అది కూడా ఒక సమయమే, అన్నిటికంటె విలువైనది.

మా ఆసుపత్రిలో ఎం.ఆర్.ఐ. యంత్రం లేదు. మేము పంపేవాళ్లమే గాని తీసేవాళ్లము కాము. అయినా, పంపిన ప్రతి ఫిల్మూ తిరిగి మా బల్ల మీదికే వస్తుంది. దాని వెనుక ఒక కుమార్తె నిలబడి మా ముఖం వైపు చూస్తూ ఉంటుంది. ఇకమీదట ఏ రక్తప్రవాహపు రిపోర్టు వచ్చినా, ఆ అంచున ఉన్న అంకెను ముందు చూసి, కుటుంబానికి చదివి వినిపించిన తరువాతనే మిగతా మాటలు చెప్పాలని మేమందరము నిర్ణయించుకున్నాము. మీ ఇంట్లో అటువంటి పాత రిపోర్టు ఏదైనా ఉండి, దానివలన ఎవరైనా భయంతో ఇంట్లోనే కూర్చుని ఉంటే, ఫిల్ములు తీసుకుని ఏ ఓ.పి. రోజైనా రండి. కలిసి కూర్చుని చూద్దాము.